బీరువాలో మన ఊరి జీవవైవిధ్యం

సంపాదకులకు,

మా పంచాయతీ ఆఫీసు బీరువాలో ఒక రిజిస్టర్ ఉంది. పేరు ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్. మొన్న అడిగి తీయించి చూశాను. వేప, రావి, తుమ్మ, మర్రి... అంతే. ఏ ఊరి పేరు పెట్టినా సరిపోతుంది. మా చెరువులో దొరికే కొర్రమీను, జెల్ల, మార్పు చేపలు అందులో లేవు. పొలం గట్ల మీద ఏరుకునే పొనగంటి కూర, గునుగు కూర లేవు. వాటి గురించి గంటసేపు చెప్పగల ముసలమ్మలను ఎవరూ అడగలేదట.

2002 నాటి జీవవైవిధ్య చట్టం 41వ సెక్షన్ ప్రకారం ప్రతి స్థానిక సంస్థలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి. ఊరి మొక్కలను, జంతువులను, వాటిపై జనానికున్న జ్ఞానాన్ని ఊరివాళ్లతో మాట్లాడి ఈ రిజిస్టర్‌లో రాయడం దాని ముఖ్యమైన పని. వ్యాపారం కోసం ఇక్కడి వనరులు సేకరించేవారి నుంచి రుసుము కూడా వసూలు చేయవచ్చు. 2020 జనవరి 31లోగా కమిటీలు, రిజిస్టర్ల పని పూర్తిచేయకపోతే రాష్ట్రాలు నెలకు 10 లక్షల రూపాయలు కట్టాలని పర్యావరణ కేసులు చూసే జాతీయ హరిత ట్రిబ్యునల్ చెప్పింది. ఆ టెన్షన్‌లో దేశంలో చాలాచోట్ల కమిటీలు కాగితం మీదే పుట్టాయి. మా ఊళ్లో సభ్యుల్లో ఒకాయనకు తాను సభ్యుడినని నేను చెప్పేదాకా తెలియదు!

పనిచేయాలంటే దారి లేక కాదు. సంగారెడ్డి జిల్లాలోని అమీన్‌పూర్ చెరువు 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలమైంది, అంటే జీవవైవిధ్యం కోసం ప్రభుత్వం ప్రత్యేకంగా గుర్తించిన చోటు. మాకు అంత గుర్తింపు అక్కర్లేదు. వచ్చే గ్రామసభలో ఆ రిజిస్టర్‌ను బయటికి తెచ్చి చదివి వినిపించండి, తప్పులు మేమే చెబుతాం.

– ఒక రైతు, సంగారెడ్డి జిల్లా