బిడ్డని చూస్తావా అని తల్లినే అడగండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మొన్న మే 12న నర్సుల దినోత్సవం ఫోటోలు మీ జిల్లా పేజీలో చూశాను, కొవ్వొత్తులు పట్టుకుని ప్రమాణం చేస్తా ఉన్నారు, అందులో మా బిడ్డ పోయిన రోజు మాకు తోడు నిలబడ్డ సిస్టర్ ఎక్కడన్నా ఉందేమో అని ఫోన్లో పెద్దది చేసి మరీ వెతికా. ఆమె మొహం నాకు తెలీదు, మాస్క్ ఉంది కదా, అయినా వెతికా. అప్పట్నించి రాద్దామా వద్దా అనుకుంటా ఇవాళ్టికి కూర్చున్నా. పొడుగైతే కత్తిరించుకోండి సార్, ఏమీ అనుకోను.

మాది ఆత్మకూరు దగ్గర పల్లె. పోయినేడు ఏప్రిల్లో మా ఆవిడకి ఏడో నెల నడుస్తుండగానే బీపీ ఎక్కువైపోయి, నెల్లూరులో ఒక ఆసుపత్రిలో ఆపరేషన్ చేసి బిడ్డని తీశారు. మగబిడ్డ, 1 కేజీ 150 గ్రాములు. ఊపిరితిత్తులు ఇంకా తయారవలేదన్నారు, మొహం నిండా ప్లాస్టర్లు, ముక్కులో గొట్టాలు, కింద అంతస్తులో బాక్సులో పెట్టారు. తల్లేమో పైన కాన్పుల వార్డులో. నా పని ఏందంటే ఆమె పిండిన పాలు చిన్న స్టీలు గిన్నెలో మూత పెట్టుకుని కిందికి పరిగెత్తడం. గొట్టంలో పోసేది 2 ఎంఎల్ అంతే, దానికోసం ఆమె కుట్లు లాగుతున్నా పళ్ళు బిగబట్టి ముప్పావుగంట కూర్చునేది. నాలుగో రోజు పొద్దున గిన్నె తీసుకుని పోతే తలుపు దగ్గర సిస్టర్ చెయ్యి చాపలా. డాక్టర్ గారు మాట్లాడతారు ఉండండి అంది. ఆయన చెప్పేదంతా గిన్నె పట్టుకునే విన్నా, సంతకాలు పెట్టమంటే అది ఎక్కడ పెట్టాలో తెలీక నేల మీద పెట్టా, తర్వాత ఏమైందో గుర్తులేదు.

వైద్యం గురించి నాకు ఫిర్యాదు లేదు. ఆ గదిలో ఆ రోజు 14 మంది పిల్లలకి ఇద్దరే సిస్టర్లు, అద్దంలోంచి నేనే లెక్కపెట్టా, వాళ్ళు కూర్చుంది నేనెప్పుడూ చూళ్ళేదు. నేను రాసేది బిడ్డ పోయిన తర్వాత గంట గురించి.

రాత్రి దాకా బాబు పాలు అరిగించుకున్నాడు, బాబు మోషన్ పోయాడు అన్నవాళ్ళే, పొద్దున్నకి "బాడీ ఎవరు తీసుకెళ్తున్నారు" అని కేకేశారు. తప్పుగా అన్లేదు, వాళ్ళకి అలవాటైన మాట అది. నాకు మాత్రం ఎవరిని పిలుస్తున్నారో ఒక నిమిషం అర్థం కాలేదు.

అప్పుడు నైట్ డ్యూటీ దిగి బ్యాగ్ తగిలించుకుని పోతున్న ఒక సిస్టర్ వెనక్కొచ్చింది. బ్యాగ్ కింద పెట్టేసి, పేరు పెట్టుకున్నారా అన్నా అని అడిగింది. ఇరవై ఒకటో రోజు పెడదామనుకున్నాం, చిన్నోడా అంటున్నాం అని చెప్పా. ఇక అక్కడ్నించి ఆమె కూడా చిన్నోడనే అంది. తడి దూదితో నానబెట్టి ఒక్కో ప్లాస్టరూ మెల్లగా తీసింది, మా అమ్మ తెచ్చిన పాత చీర గుడ్డలో చుట్టింది, టోపీ పెట్టింది, నా చేతికిస్తా "తల కింద చెయ్యి పెట్టుకోండి అన్నా" అంది. బతికున్న బిడ్డని ఇచ్చినట్టే సార్. కాలికి కట్టిన టేపు కత్తిరించి, దాని మీద బేబీ ఆఫ్ అని మా ఆవిడ పేరు ఉంటది కదా, అది కూడా నా చేతిలో పెట్టింది.

పెట్టి, అక్కకి చూపిద్దాం, నేనే వీల్ చైర్‌లో తీసుకొస్తా అంది. మా అమ్మ వద్దంది, మా మామ వద్దన్నాడు, పచ్చి బాలింత, చూస్తే తట్టుకోలేదు, గుర్తుండిపోద్ది అన్నారు. నేనూ తలాడించా. పోనీ అక్కని ఒక్కసారి అడగండి అని ఆ అమ్మాయి రెండోసారి కూడా అంది. మేం అడగలేదు. మధ్యాహ్నానికల్లా ఊరికి తీసుకొచ్చి చెరువు కట్ట కింద పూడ్చేసినాక, సాయంత్రం వార్డుకి పోయి ఆమెకి చెప్పాం.

ఏడాది దాటింది. ఆమె నన్ను తిట్టలేదు, ఒక్క మాట అన్లేదు. అప్పుడప్పుడూ రాత్రిపూట అడుగుద్ది, వాడి ముక్కు ఎవరిది అని. రెండో రోజు వీల్ చైర్‌లో తీసుకుపోతే ఒక్కసారి చూసింది, అప్పుడు ప్లాస్టర్లే కనపడ్డాయి గానీ మొహం ఎక్కడ కనపడింది. ప్లాస్టర్లు తీసినాక చూసింది నేను. నాకేమో సరిగ్గా చూసిన గుర్తు లేదు, ఒకరోజు నీదే అంటా, ఒకరోజు మా అమ్మది అంటా, నేను అబద్ధం చెప్తున్నానని ఆమెకి తెలుసు.

అందుకే అడుగుతున్నా, నర్సమ్మలూ, బిడ్డని చూస్తావా అనేది మా మగోళ్ళని కాదు, మా పెద్దోళ్ళని కాదు, తల్లినే అడగండి. వద్దంటే బలవంతం చేయొద్దు, కాసేపాగి ఇంకోసారి అడగండి. చూస్తానంటే కర్టెన్ వేసి ఒక అరగంట వదిలేయండి. కేస్ షీట్ మీద వేసేదానికి ఇంకు ప్యాడ్ ఎట్లాగూ ఉంటది, ఇంకో కాగితం మీద ఆ పాదం ముద్ర వేసిస్తే అయ్యే ఖర్చేంది. ఆ టేపు నా పర్సులో ఆధార్ కార్డు వెనక ఉంది, మా ఇంట్లో వాడిది అదొక్కటే ఉంది.

ఇంకోటి వార్డు. ఆ తర్వాత ఇంకో రెండు రోజులు ఆమెని అదే మంచం మీద ఉంచారు, రెండు పక్కలా పిల్లలు ఏడుస్తుంటే. పక్క మంచం వాళ్ళు పాపం తెలీక మాకూ స్వీటు పెట్టబోయారు. వాళ్ళు సరే, షిఫ్ట్ మారినప్పుడల్లా కొత్త సిస్టర్ వచ్చి బిడ్డకి పాలిచ్చావా అమ్మా అని అడిగేది, మూడుసార్లు జరిగింది. వేరే గది లేకపోతే లేకపోయింది, కేస్ షీట్ పైన కనపడేట్టు ఏదో ఒక గుర్తు పెట్టొచ్చు కదా.

పాల సంగతి ఒక్కళ్ళు కూడా చెప్పలేదు. బిడ్డ లేకపోయినా పాలు ఆగవని నాకేం తెలుసు. ఇంటికొచ్చిన రాత్రే రొమ్ములు రాయిలాగా అయిపోయి, జాకెట్టు తడిసిపోయి, సలుపుతో దుప్పటి కొరుక్కుంది. వాళ్ళ అవ్వ మల్లెపూలు తెమ్మంది. కట్టిన పూలు రొమ్ముకి చుడితే పాలు వెనక్కి పోతాయని మన దగ్గర పాత పద్ధతే అంట. బజారుకి పోయి పది మూరలు ఇవ్వమంటే పూలామె నవ్వుతా "ఏం ఫంక్షనన్నా" అంది. పూలకో చల్లటి గుడ్డలకో తెలీదు, మూడు రోజులకి తగ్గింది. తర్వాత ఒక డాక్టరమ్మ చెప్పింది, సలుపు తగ్గేవరకు కొంచెం పిండాలంట గానీ మొత్తం పిండితే ఇంకా వస్తాయంట, ఎర్రబడి జ్వరం వస్తే ఇంట్లో కూర్చోకుండా ఆసుపత్రికి రావాలంట, పాలు ఆపే మాత్ర కూడా ఉంది గానీ బీపీ ఉన్నవాళ్ళకి పనికిరాదంట. ఈ నాలుగు ముక్కలు డిశ్చార్జి రోజు చెప్పేదానికి ఎంతసేపు.

కాగితాల సంగతీ అంతే. బిడ్డ ప్రాణంతో పుట్టి పోతే జననం, మరణం రెండూ నమోదు చేయించాలి, 1969 చట్టం ప్రకారం 21 రోజుల్లో. చచ్చి పుట్టినా అదీ నమోదు చేయాల్సిందే. మాకు మరణం కాగితం ఒక్కటే గుర్తుంది. వాడు పుట్టాడని కూడా కాగితం కావాలి అని ఆమె అడిగినాక ఆఫీసుల చుట్టూ తిరిగా. మరణం ఎక్కడో రాసుకున్నారు గానీ టీకాల లిస్టులో వాడు బతికే ఉన్నాడు, ఆరో వారం ఫోనొచ్చింది, బాబుని టీకాకి తీసుకురమ్మని. ఫోన్ తీసింది మా ఆవిడే.

ఇదంతా సెంటిమెంట్లే, రోగాలు చూసుకునేదానికే టైం లేదు అంటారేమో. 2022 సెప్టెంబర్‌లో కేంద్ర ప్రభుత్వం తన మహిళా ఉద్యోగులకి బిడ్డ చచ్చి పుట్టినా, పుట్టగానే పోయినా 60 రోజులు ప్రత్యేక సెలవు ఇస్తా ఉత్తర్వు ఇచ్చింది, ఆ తల్లి మనసుకి తగిలే దెబ్బని చూసే ఇస్తున్నామని అందులోనే రాశారు. ఆ దెబ్బ ఉద్యోగం లేని తల్లికి మాత్రం తగలదా. నర్సింగ్ కాలేజీల్లో చనిపోయిన బిడ్డని తండ్రి చేతికి ఎట్లా ఇవ్వాలో ఎవరన్నా నేర్పిస్తారో లేదో, ఆ సిస్టర్‌కి మాత్రం వచ్చు. ఆమె ఎక్కడ పనిచేస్తున్నా సరే, ఒక పూట డ్యూటీ తీసేసి మిగతావాళ్ళకి ఆమెతోనే చెప్పించండి.

నా పేరు మాత్రం వేయొద్దు సార్. మా ఆవిడ మీ పేపర్ చదువుద్ది, చిన్నోడు అనే మాట చూస్తే ఎట్లాగూ కనుక్కుంటది, ఆ మాట మాత్రం కత్తిరించబాకండి.

ఇట్లు,
ఒక తండ్రి,
ఆత్మకూరు మండలం, నెల్లూరు జిల్లా