అవ్వకు గాలి సోకలేదు, బిడ్డా

ప్రియమైన బిడ్డకు,

అమ్మ ఆశీస్సులు. నిన్న ఫోనులో నువ్వన్న మాటలు నన్ను రాత్రంతా నిద్రపోనివ్వలేదు. పుస్తకం తెరిస్తే ఒక్క ముక్క తలకెక్కడం లేదనీ, ఊరికూరికే ఏడుపు వస్తున్నదనీ, ఈ పరీక్ష నీవల్ల కాదేమోననీ అన్నావు. ఏం తిన్నావని అడిగితే, పొద్దున టీ, మధ్యాహ్నం ఏమీ లేదు, రాత్రి నూడుల్స్ అని తేలికగా చెప్పావు. రెండు సంగతులనూ నువ్వు వేరువేరుగా చెప్పినా నాకవి ఒకటిగానే వినిపించాయి. ఎందుకో తెలియాలంటే, ఇంతవరకూ నీకు చెప్పని మా అవ్వ సంగతి చెప్పాలి.

పాలమూరు జిల్లాలోని మా ఊళ్ళో ఆ రోజుల్లో కూలివాళ్ళ ఇళ్ళల్లో వరి అన్నం పండుగనాటి ముచ్చట. మిగిలిన రోజులన్నీ జొన్న గట్క, జొన్న రొట్టె, దొరికితే ఉల్లిగడ్డ. నాకు ఏడెనిమిదేళ్ళున్నప్పుడు, ఎండాకాలం ముదిరేసరికి మా నాయనను కన్న అవ్వకు మెడ చుట్టూ, ముంజేతుల మీద చర్మం నల్లబడి పొలుసులు లేచింది. నోరు పూసి కారం తినలేకపోయేది, విరేచనాలు పట్టుకున్నాయి. అన్నిటికంటే మమ్మల్ని భయపెట్టింది ఆమె మౌనం. పాటలు పాడుతూ కలుపు తీసిన మనిషి, గోడకు ఆనుకొని కూర్చొని, పిలిస్తే పలకకుండా కన్నీళ్ళు పెట్టుకొనేది. ఒక్కోసారి నన్ను కూడా గుర్తుపట్టేది కాదు. గాలి సోకిందన్నారు, వేపమండలతో దిష్టి తీయించారు. చివరికి మా నాయన హైదరాబాదులో ఒక ఆసుపత్రికి తీసుకుపోతే, డాక్టరు ఆ మెడ చూసి పెల్లాగ్రా అని చెప్పి, నికోటినమైడ్ మాత్రలిచ్చి, పప్పూ పాలూ పెట్టమన్నాడు. వారం తిరగకముందే అవ్వ నన్ను పేరు పెట్టి పిలిచింది. చర్మం మానడానికి ఇంకా చాలా రోజులు పట్టింది. మనసే ముందు తేరుకొన్నది.

నియాసిన్ అనే విటమిన్ (అవ్వకిచ్చిన నికోటినమైడ్ దాని రూపమే), దానిని శరీరం తయారు చేసుకోవడానికి కావలసిన, తిండిలోని మాంసకృత్తుల్లో ఉండే ట్రిప్టోఫాన్, ఈ రెండూ చాలనప్పుడు వచ్చే జబ్బు ఇది. మనసు నిలకడకు తోడ్పడే సెరటోనిన్‌ను మెదడు తయారు చేసుకొనేది కూడా ఆ ట్రిప్టోఫాన్ నుంచే. మక్కజొన్న తినేవాళ్ళ జబ్బుగా పేరుపడిన పెల్లాగ్రా మన జొన్న తినేవాళ్ళకు ఎందుకు వస్తున్నదో పరిశీలించిన డాక్టర్ గోపాలన్, డాక్టర్ శ్రీకంఠయ్య, జొన్న మాంసకృత్తుల్లో ఎక్కువగా ఉండే లూసిన్ అనే అమైనో ఆమ్లం దానికి కారణం కావచ్చని 1960లో రాశారు. అయినా నేను జొన్నను నిందించను. జొన్న తప్ప మరొకటి కంచంలోకి రానివ్వని పేదరికాన్నే నిందిస్తాను. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో ఈ జబ్బుతో మతి చెడినవాళ్ళు పిచ్చాసుపత్రుల్లో మగ్గుతుండగా, అది అంటువ్యాధి అని చాలామంది నమ్ముతున్న కాలంలో, 1914లో దాని కారణం వెతికే పని చేపట్టిన జోసెఫ్ గోల్డ్‌బర్గర్ అనే డాక్టరు, జార్జియాలోని అలాంటి ఒక ఆసుపత్రిలో రోగుల తిండికి పాలు, గుడ్లు, మాంసం, చిక్కుళ్ళు చేర్పించి, జబ్బు తిరగబెట్టకుండా ఆపాడు. ఈ సంగతి చదివిన రోజు మా అవ్వ కూర్చున్న గోడ నా కళ్ళ ముందు కదిలింది.

నీకు పెల్లాగ్రా అని నేననడం లేదు. కానీ 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15-49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నది. ఇనుము రక్తానికే కాదు, మెదడులో సెరటోనిన్, అలాంటిదే అయిన డోపమైన్ తయారు కావడానికి కూడా కావాలి. అది తగ్గితే నీరసం, చిరాకు వస్తాయి, ధ్యాస నిలవదు. అన్నం తిన్న వెంటనే టీ తాగితే తిన్న ఇనుము కూడా సరిగా ఒంటబట్టదు. ఇక పూటలు మానడం సంగతి. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటాలో 36 మంది ఆరోగ్యవంతులైన యువకులు, పరిశోధన కోసమని ఒప్పుకొని, ఆరు నెలలు అరకొర తిండితో గడిపారు. ఏరికోరి ఎంచుకొన్న ఆ గట్టి మనుషులే దిగులుపడి, చిరాకుపడి, స్నేహితులకు దూరమై, దేనిమీదా మనసు నిలపలేకపోయారు. అందుకే, చేతకాదన్న తీర్పు నీ మీద నువ్వు ఇప్పుడే వేసుకోవద్దని అడుగుతున్నాను.

నీ దుఃఖమంతా కంచంలోంచే వచ్చిందని కూడా అనను. ఈ వారంలోనే డాక్టరుకు చూపించుకొని హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ తెలిపేది), బి12 రక్తపరీక్షలు చేయించుకో. ఏడుపు సంగతి దాచకుండా చెప్పు. రాత్రివేళ మనసు మరీ బరువెక్కితే నాకు ఫోను చేయి, లేదా మనసు బాధలకు సాయం చేసే ప్రభుత్వం వారి టెలి మానస్ నంబరు 14416కు చేయి. అక్కడ తెలుగులో మాట్లాడవచ్చు.

శనివారం పొద్దుటి బస్సుకు మీ బాపు వస్తున్నారు. పల్లీలూ బెల్లమూ కలిపి చేసిన ముద్దలు, వేయించిన శనగలు పంపుతున్నాను. పల్లీలలో నియాసిన్ దండిగా ఉంటుంది. రక్తపరీక్షల కాగితాలు ఆయన చేతికివ్వు. ఇద్దరూ కలిసి భోజనం చేసిన తరువాతే ఆయనను తిరుగు బస్సు ఎక్కించు.

ఇట్లు,
మీ అమ్మ