ఈఆర్‌పీనెక్స్ట్ టెస్టుల చిక్కు విప్పినవాళ్లకు కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం. ఈఆర్‌పీనెక్స్ట్‌కు (కంపెనీ బిల్లులు, లెక్కలు, స్టాకు చూసుకునే సాఫ్ట్‌వేర్) ఆటోమేటెడ్ టెస్టులు, అంటే వాటంతటవే నడిచే పరీక్షలు, రాయాలంటే ఏ టూల్ మేలు, సెలీనియమా, సైప్రెస్సా, ప్లేరైటా, రోబోట్ ఫ్రేమ్‌వర్కా అని ఇక్కడ అడిగాం. జవాబిచ్చినవాళ్లలో చాలామంది ముందు మా ప్రశ్ననే సరిచేశారు. మొదటి దండం వాళ్లకే.

"స్క్రీను సంగతి తర్వాత, ముందు లెడ్జర్ చూడండి" అన్న ఒక్క మాటతో సగం చిక్కు వీడింది. బిల్లు సబ్మిట్ చేస్తే జీఎల్ (జనరల్ లెడ్జర్) ఎంట్రీలు సరిగ్గా పడ్డాయా, స్టాకు తగ్గిందా అని చూడటానికి బ్రౌజరే అక్కర్లేదు. పైథాన్ యూనిట్‌టెస్ట్ మీద కట్టిన రన్నర్ (టెస్టులను నడిపేది) ఈఆర్‌పీనెక్స్ట్‌కు పునాది అయిన ఫ్రాపే ఫ్రేమ్‌వర్క్‌లో ముందే ఉంది. బెంచ్ రన్-టెస్ట్స్ కమాండ్‌కు సైటు పేరు, డాక్‌టైప్ (సేల్స్ ఇన్వాయిస్ లాంటి పత్రం రకం) పేరు ఇస్తే ఆ ఒక్కదాని టెస్టులే నడుస్తాయి. ఈఆర్‌పీనెక్స్ట్ సొంత టెస్టులు కూడా దీని మీదే ఉన్నాయి, కాబట్టి ఎలా రాయాలో తెలియకపోతే సేల్స్ ఇన్వాయిస్ ఫోల్డర్ తెరిచి చూసుకోవచ్చు. బయటి ఫ్రేమ్‌వర్క్ తెచ్చిపెడితే ప్రతి అప్‌గ్రేడ్‌కూ దాన్ని లాక్కెళ్లే బరువు మన నెత్తినే పడుతుంది.

టెస్టులకు వేరే సైటు ఉండాలని, లైవ్ సైటు జోలికి పోవద్దని పదే పదే చెప్పారు. ఆ సైటు కాన్ఫిగ్‌లో అలో_టెస్ట్స్ పెడితేనే రన్నర్ కదులుతుంది. పక్కనే మ్యూట్_ఈమెయిల్స్ కూడా 1 చేయమన్నవారికి ప్రత్యేక ధన్యవాదాలు. అది లేకపోతే టెస్టు బిల్లులు నిజం కస్టమర్ల ఇన్‌బాక్సుల్లో తేలే ప్రమాదం ఉంది.

అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చింది రోల్‌బ్యాక్ (టెస్టు చేసిన మార్పులను డేటాబేస్‌లో వెనక్కి తిప్పడం) గురించి వచ్చిన జవాబు. ఫ్రాపే టెస్ట్‌కేస్ క్లాస్ డేటాను వెనక్కి తిప్పుతుంది నిజమే, కానీ ఆ పని క్లాసు అంతా అయ్యాకే చేస్తుంది. ఒక టెస్టులో చేసిన స్టాక్ ఎంట్రీ అదే క్లాసులోని తర్వాతి టెస్టుకూ కనిపిస్తుంది. టెస్టులు విడిగా నడిపితే పాసై, కలిపి నడిపితే ఫెయిలవడానికి ఎక్కువసార్లు కారణం ఇదే. ప్రతి టెస్టు చివర నడిచే టియర్‌డౌన్‌లో రోల్‌బ్యాక్ మనమే రాసుకోవాలి. కోడ్‌లో ఎక్కడైనా చేత్తో కమిట్ (మార్పులను శాశ్వతం చేసే ఆదేశం) పెట్టి ఉంటే అదీ పనిచేయదు. టెస్టు మధ్యలో కస్టమ్ ఫీల్డ్ చేర్చినా అంతే. దాని వెనక టేబుల్ రూపం మార్చే ఆల్టర్ టేబుల్ ఆదేశం నడుస్తుంది, దాంతో డేటాబేస్ మరియాడీబీ అప్పటిదాకా ఉన్నదంతా తనంతట తానే కమిట్ చేసేస్తుంది. కస్టమ్ ఫీల్డులన్నీ హుక్స్ ఫైల్‌లో టెస్టులకు ముందే నడిచే బిఫోర్_టెస్ట్స్‌కు మార్చాక ఆ గోల తగ్గింది.

క్యాన్సిల్ చేసిన బిల్లు ఎంట్రీలు లెడ్జర్ నుంచి మాయం కావు. ఈజ్_క్యాన్సిల్డ్ 1 అయి, ఎదురు ఎంట్రీలతో సహా టేబుల్లోనే ఉంటాయి. క్వెరీలో అది 0 అని అడగకపోతే లెక్క తప్పుతుంది.

ఇక పైసల సంగతి. హైదరాబాద్ కంపెనీ (జీఎస్టీ రాష్ట్ర కోడ్ 36) అదే రాష్ట్రంలోని వరంగల్ పార్టీకి 100.05 రూపాయల బిల్లు వేస్తే సీజీఎస్టీ (కేంద్రం వాటా) 9 శాతం 9.0045. అది 9.00 అవుతుంది, ఎస్‌జీఎస్టీ (రాష్ట్రం వాటా) కూడా అంతే, కలిపి 18.00. అదే సరుకు విజయవాడ పార్టీకి (కోడ్ 37) వెళితే రాష్ట్రం దాటింది కాబట్టి ఒకటే పన్ను, ఐజీఎస్టీ 18 శాతం 18.009, అంటే 18.01. ఈ పైసా తేడా బగ్ కాదు. కాబట్టి ఒక దాని జవాబును ఇంకోదానితో పోల్చే టెస్టు రాయకూడదు. 50.50 మీద 9 శాతం ఇంకా తమాషా: 4.545 వస్తుంది. సిస్టమ్ సెట్టింగ్స్‌లో బ్యాంకర్స్ రౌండింగ్ (సరిగ్గా సగమైతే సరి అంకె వైపు) ఉంటే 4.54, కమర్షియల్ (సగమైతే పైకి) ఉంటే 4.55. చేంజ్_సెట్టింగ్స్ డెకొరేటర్‌తో టెస్టులోనే ఆ పద్ధతిని ఖాయం చేయాలి.

స్క్రీన్ టెస్టులు పదికి మించకుండా, పైథాన్‌లోనే ప్లేరైట్‌తో రాయాలని తేల్చాం. ఫ్రాపేతో సైప్రెస్ ఏర్పాటు సిద్ధంగా వస్తుంది, ఒక్క యూజరు ఒక్క ట్యాబ్‌లో చేసే పనికి అది చాలు. కానీ అది బ్రౌజర్ లోపలే నడుస్తుంది, సొంతంగా రెండో ట్యాబ్‌ను నడపదు. పర్చేజ్ ఆర్డర్ వేసేవారు ఒకరు, అప్రూవ్ చేసేవారు ఇంకొకరు కదా. ప్లేరైట్‌లో రెండు కాంటెక్స్టులు (వేర్వేరు లాగిన్లున్న బ్రౌజర్ సెషన్లు) తెరిస్తే ఇద్దరూ ఒకే టెస్టులో ఇమిడిపోతారు. లాగిన్ ఒకసారి ఏపీఐతో (స్క్రీను లేకుండా నేరుగా సర్వర్‌తో) చేసి, ఆ లాగిన్ స్టేట్ దాచుకుని వాడమన్నారు. ఫీల్డులను వాటి మీది లేబుల్‌తో కాకుండా డేటా-ఫీల్డ్‌నేమ్‌తో పట్టుకోమన్నారు, భాష మార్చినా అది మారదు. లింక్ ఫీల్డ్‌లో (జాబితా నుంచి ఎంచుకునే గడిలో) పేరు కొట్టి వెంటనే ట్యాబ్ కీ నొక్కితే జాబితా రాకముందే ముందుకు పోయి ఫీల్డు ఖాళీగా మిగులుతుంది. జాబితాలో ఆ పేరు కనిపించేదాకా ఆగి క్లిక్ చేయాలి. స్లీప్ 3 సెకన్లు పెట్టడం మందు కాదు.

అకౌంటెంట్లే టెస్టులు రాసేలా కుకుంబర్ (మామూలు వాక్యాలతో టెస్టులు రాసే టూల్) పెట్టమని ఇద్దరు సూచించారు. దాని గెర్కిన్ భాషకు తెలుగు కీలకపదాలు ఉన్నాయని వాళ్లు చెప్పాకే తెలిసింది: గుణము, సన్నివేశం, చెప్పబడినది, ఈ పరిస్థితిలో, అప్పుడు. ముచ్చటగానే ఉంది గానీ, "చెప్పబడినది" అంటూ బిల్లు మొదలుపెట్టే అకౌంటెంట్ దొరకడం కష్టం! పైగా ప్రతి వాక్యం వెనకా కోడ్‌లో ఒక ఫంక్షన్ ఎలాగూ రాయాలి. దానికి బదులు ఎక్సెల్ షీటు చాలన్నారు ఒక అకౌంటెంట్ గారు. తేదీ, సరుకు, రాష్ట్రం కోడ్, మొత్తం, రేటు, రావాల్సిన పన్ను, చివర ఒక గమనిక, ఇంతే. వరసకో సబ్‌టెస్ట్ (టెస్టు లోపలి చిన్న టెస్టు) నడుస్తుంది, ఒకటి ఫెయిలైనా మిగతావి ఆగవు.

ఆ షీటు మొదటి 40 వరసలు కూడా ఆయనే నింపి పంపారు. అందులో ఒక వరస చూసి తప్పనుకున్నాం: నెయ్యి, 2025 అక్టోబర్ తేదీ, రేటు 12. నెయ్యి మీద జీఎస్టీ ఆ ఏడాది సెప్టెంబర్ 22 నుంచే 5 శాతం కదా. ఆయన గమనిక గడి చూడమన్నారు. అది సెప్టెంబర్ 10 నాటి బిల్లుకు వేసిన క్రెడిట్ నోట్ (సరుకు తిరిగొస్తే ఇచ్చే పత్రం), పాత రేటే ఉండాలి. పాత బిల్లు నుంచే రిటర్న్ తయారుచేస్తే పన్ను వరసలు దానితోపాటే వస్తాయి. ఖాళీ ఫారం నుంచి మొదలుపెడితే 5 వచ్చి కూర్చుంటుంది, టెస్టు అక్కడే ఎర్రబడుతుంది. ఆ ఒక్క వరసకు, అకౌంటెంట్ గారూ, మీకు ఇంకో దండం.