మరచిపోవడం తెలిసిన బ్రౌజర్ కావాలి

సంపాదకులకు నమస్కారం.

గుంటూరు బ్రాడీపేటలో 18 ఏళ్ళుగా నెట్ సెంటర్, జిరాక్స్ షాపు నడుపుతున్నాను. ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌కు ఆప్షన్లు పెట్టుకునే పిల్లలు మొదలుకొని పొలం అడంగల్ కాపీ తీయించుకునే రైతులు, పింఛను పత్రాలు పట్టుకొచ్చే పెద్దవాళ్ళ వరకు రోజూ యాభై అరవై మంది మా ఆరు కంప్యూటర్ల ముందు కూర్చొని లేస్తుంటారు. పెద్ద కంపెనీల చేతిలో లేని, మన విషయాలు ఎవరికీ చేరవేయని బ్రౌజర్ ఏదైనా ఉంటే చెప్పమని ఏడాదిగా నన్ను అడిగేవారు ఎక్కువయ్యారు. ఇంజనీరింగ్ కుర్రాళ్ళు మాత్రమే అడిగి ఉంటే ఈ ఉత్తరం రాసేవాణ్ణి కాదు. ఆడిటర్ ఆఫీసు గుమస్తాలు, ఇద్దరు ప్లీడర్లు, ఒక నర్సమ్మ కూడా అడిగారు. కౌంటరు దగ్గర రెండు ముక్కల్లో చెప్పలేకపోయిన ఆ జవాబును మీ పత్రికలో చెప్పుకోనివ్వవలసిందిగా కోరుతున్నాను.

ఈ విషయంలో నాకు పట్టింపు మొదలైంది మా షాపులో జరిగిన ఒక సంఘటనతో. నిరుడు వేసవిలో ఒక అమ్మాయి రక్తపరీక్ష రిపోర్టు ప్రింటు తీయించుకోవడానికి వచ్చి, అందులో రాసిన మాటలకు అర్థమేమిటో నాలుగో కంప్యూటర్‌లో పావుగంటసేపు వెతుక్కుంది. వెళ్ళేముందు మెయిల్ నుంచి బయటికి వచ్చింది, తెరిచిన పేజీలన్నీ మూసింది, కాబట్టి అజాగ్రత్తగా ఉందని ఆమెను అనడానికి లేదు. ఆమె లేచిన కుర్చీలోనే, మనవడి హాల్ టికెట్ కోసం వచ్చిన పెద్దావిడ ఒకరు కూర్చున్నారు. ఆవిడది ఆ అమ్మాయి అత్తగారి వీధే. ప్రింటు వచ్చేలోపు ఆవిడ ఒక వార్తల సైటు తెరిస్తే పైనా పక్కనా సంతాన సాఫల్య కేంద్రాల ప్రకటనలే. "ఇప్పుడు లేచి వెళ్ళిన పిల్ల ఇవే చూసిందా బాబూ?" అని అడిగారు. "అందరికీ అవే వస్తాయండీ" అని అబద్ధం చెప్పాను. ఆవిడ నమ్మినట్టు లేదు.

ఇందులో మాయ ఏమీ లేదు. మనం ఒక సైటు తెరిచినప్పుడు ఆ సైటువాళ్ళతోపాటు, అందులో ప్రకటనలు పెట్టే మధ్యవర్తి కూడా మన బ్రౌజర్‌లో కుకీ అనే చిన్న గుర్తును దాచిపెడతాడు. అతడే మరో సైటులోనూ ప్రకటనలు పెడుతుంటే అక్కడ ఆ గుర్తును చదివి, ఇందాక జబ్బు గురించి వెతికినవారూ ఇప్పుడు వార్తలు చదువుతున్నవారూ ఒకరేనని లెక్క వేసుకుంటాడు. కుర్చీలో మనిషి మారిన సంగతి ఆ లెక్కకు తెలియదు. ఒకే ఫోను ఇంటిల్లిపాదీ వాడుకునే మన కుటుంబాల్లోనూ జరిగేది ఇదే.

ఈ పరాయి కుకీలను ఆపడం సాంకేతికంగా అసాధ్యమైన పని కాదు. తెలిసిన నిఘా కుకీలను మొజిల్లా సంస్థ బ్రౌజర్ ఫైర్‌ఫాక్స్ 2019 నుంచే తనంతట తాను అడ్డుకుంటోంది. 2022 నుంచి ఒక సైటు కుకీని మరో సైటులో చదవడానికి వీలు లేకుండా వేరు చేసింది. ఆపిల్ వారి సఫారీ 2020 మార్చిలో వాటిని పూర్తిగా ఆపేసింది. అందరికంటే ఎక్కువమంది వాడే క్రోమ్ విషయంలో మాత్రం, రెండేళ్ళలో ఆపేస్తామని 2020 జనవరిలో మాట ఇచ్చిన గూగుల్ వాయిదాల మీద వాయిదాలు వేసి, 2024 జూలైలో ఆ ఆలోచనే విరమించుకుంది. ఆ కంపెనీకి ప్రధాన ఆదాయం ప్రకటనల నుంచే వస్తుంది. మిర్చి యార్డులో కొనేవాడి చేతికే కాటా అప్పగిస్తే తూకం ఎలా ఉంటుందో గుంటూరువాళ్ళకు నేను చెప్పనక్కరలేదు. ఇన్‌కాగ్నిటో పెట్టుకుంటే చాలునని మా షాపులో చాలామంది అనుకుంటారు. ఆ పద్ధతి కంప్యూటర్‌లో హిస్టరీ మిగలకుండా చూస్తుందే తప్ప అవతలి సైట్ల కళ్ళు మూయదు. దాని మీదే అమెరికాలో 2020లో దావా పడి, చివరకు 2024లో రాజీ కింద వందల కోట్ల రికార్డులను చెరిపేయడానికి గూగుల్ ఒప్పుకోవలసి వచ్చింది.

అలాంటప్పుడు బ్రౌజర్ మార్చుకుంటే సరిపోదా అని అడుగుతారు. కొంతవరకు సరిపోతుంది, అసలు చిక్కు కూడా అక్కడే మొదలవుతుంది. బ్రౌజర్ పేరు వేరు, లోపల పేజీని చదివి తెర మీద గీసే ఇంజిన్ వేరు. ఎడ్జ్, ఒపేరా, బ్రేవ్, వివాల్డీ, శాంసంగ్ ఇంటర్నెట్ అన్నీ పైకి వేర్వేరు కంపెనీలవే అయినా, లోపల ఉన్నది గూగుల్ ముందుండి నడిపించే క్రోమియం. ఒపేరాకు ఒకప్పుడు సొంత ఇంజిన్ ఉండేది, 2013లో వదిలేసింది. మైక్రోసాఫ్ట్ అంతటి సంస్థ కూడా సొంత ఇంజిన్‌ను పోషించలేక 2020లో క్రోమియం మీద కట్టిన ఎడ్జ్‌ను తెచ్చింది. జనం విరివిగా వాడేవాటిలో ఇప్పుడు మిగిలినవి మూడే ఇంజిన్లు: గూగుల్ బ్లింక్ (క్రోమియం లోపల ఉన్నది ఇదే), ఆపిల్ వెబ్‌కిట్, మొజిల్లా గెకో. మన దేశంలో ఐఫోన్ మీద ఏ పేరున్న బ్రౌజర్ పెట్టుకున్నా లోపల పనిచేసేది ఆపిల్ ఇంజినే. బ్రేవ్ లాంటివి నిఘా కుకీలను బాగానే అడ్డుకుంటాయి, వాటిని తీసిపారేయను. కానీ పునాది మరొకరిదైనప్పుడు పైన కట్టుకున్న గది మనది అనుకోవడంలో కొంత భ్రమ ఉంది. ఎక్స్‌టెన్షన్లకు, అంటే బ్రౌజర్‌కు తగిలించే చిన్న ప్రోగ్రాములకు, యాడ్ బ్లాకర్ల శక్తిని తగ్గించే కొత్త నిబంధనలను గూగుల్ క్రోమియంలోకి తెచ్చాక, ఎంతోమంది నమ్ముకున్న యుబ్లాక్ ఆరిజిన్ అనే యాడ్ బ్లాకర్ క్రోమ్‌లో పనిచేయకుండా పోయింది. దాన్ని ఇంకా కొనసాగించాలనుకున్న క్రోమియం బ్రౌజర్లు పాత భాగాలను సొంత ఖర్చుతో మోసుకు తిరగవలసిన పరిస్థితి.

మరి మూడో ఇంజిన్‌తో నడిచే ఫైర్‌ఫాక్స్ స్వతంత్రమా? ఇంజిన్ మటుకు స్వతంత్రమే, జీతాలు కావు. మొజిల్లా ఆదాయంలో సింహభాగం, తన బ్రౌజర్‌లో గూగుల్ సెర్చ్‌ను ముందుంచినందుకు గూగుల్ చెల్లించే సొమ్ము. ఆపిల్‌కైతే ఇదే ఏర్పాటు కింద 2022 ఒక్క ఏడాదిలోనే 2,000 కోట్ల డాలర్లు ముట్టినట్టు అమెరికా కోర్టులో బయటపడింది. సెర్చ్‌లో గూగుల్ గుత్తాధిపత్యాన్ని చట్టవిరుద్ధంగా కాపాడుకుందని 2024 ఆగస్టులో తీర్పు వచ్చింది; క్రోమ్‌ను అమ్మేయాలన్న ప్రభుత్వ కోరికను మాత్రం అదే న్యాయమూర్తి 2025 సెప్టెంబరులో తోసిపుచ్చారు. ఆ చెల్లింపులను పూర్తిగా నిషేధిస్తే అందరికంటే ముందు చితికిపోయేది ఫైర్‌ఫాక్సేనన్న వాదన ఆ విచారణలో వినిపించింది. పోటీదారు బతుకు కూడా తన చేతి మీదుగానే నడిచేంతగా ఎదిగిన కంపెనీ ఇది.

ఇదంతా అమెరికా గొడవ, మనకెందుకు అనేవారికి 2018 ఫిబ్రవరి సంగతి గుర్తు చేస్తాను. 'జ్ఞా' అనే తెలుగు అక్షరం ఒక ప్రత్యేక రూపంలో వస్తే చాలు, ఐఫోన్లలో మెసేజ్ యాప్‌లు కుప్పకూలేవి. తప్పు బ్రౌజర్‌ది కాదు, ఆపిల్ వ్యవస్థలో అక్షరాలు గీసే భాగానిది. ఆండ్రాయిడ్ ఫోన్లకు ఏమీ కాలేదు, ఎందుకంటే వాటిలో అక్షరాలు గీసే సాఫ్ట్‌వేర్ వేరు. అందరూ ఒకే యంత్రం మీద ఆధారపడి ఉంటే ఆ నాలుగు రోజులు తెలుగు రాసే ప్రతివాడి ఫోనూ మూలపడి ఉండేది. ఇంజిన్లు ఒకటికి నాలుగు ఉండాలని నేను అనడం వెనుక, ఆంతరంగికతతోపాటు ఈ స్వార్థం కూడా ఉంది.

కేంద్ర ప్రభుత్వం ఈ దిశగా ఏమీ చేయలేదని అనలేము. ఎలక్ట్రానిక్స్, ఐటీ శాఖ 2023 ఆగస్టులో స్వదేశీ బ్రౌజర్ కోసం మొత్తం 3.41 కోట్ల రూపాయల బహుమతులతో పోటీ పెట్టింది. 2025 మార్చిలో కోటి రూపాయల మొదటి బహుమతి జోహో సంస్థకు దక్కింది. జోహో వారి ఉలా బ్రౌజర్‌ను నేనూ వాడి చూశాను, ఇబ్బంది ఏమీ లేదు, కానీ అదీ క్రోమియం మీద కట్టినదే. ఒక ఇంజిన్‌ను ఏళ్ళ తరబడి నిలబెట్టాలంటే వందల మంది ఇంజనీర్ల జీతాలు కావాలి; 3.41 కోట్లతో కొత్త ఇంజిన్ పుట్టదని పోటీ పెట్టినవారికీ తెలిసే ఉంటుంది.

ఆ పోటీలోని ఒక షరతు నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది. సైటు నిజమైనదో కాదో బ్రౌజర్‌కు హామీ ఇచ్చే మూల సర్టిఫికెట్లలో, మన దేశపు సర్టిఫికెట్ల నియంత్రణాధికారిది తప్పనిసరిగా ఉండాలన్నారు. ఎవరిని నమ్మాలో ఎవరిని నమ్మకూడదో విదేశీ కంపెనీలే తేల్చడం అవమానకరం అన్న మాటలో న్యాయం ఉంది. అయితే 2014లో మన జాతీయ సమాచార కేంద్రం వైపు నుంచి గూగుల్ చిరునామాల పేరిట అనధికార సర్టిఫికెట్లు వెలువడితే, వాటిని కనిపెట్టి ఆపింది ఆ విదేశీ కంపెనీయే. కజకిస్తాన్ ప్రభుత్వం 2019లో తన సర్టిఫికెట్‌ను పౌరుల చేత బలవంతంగా పెట్టించి వారి సంభాషణలు చదవబోతే గూగుల్, మొజిల్లా, ఆపిల్ మూడూ దాన్ని అడ్డుకున్నాయి. అందుచేత కంపెనీ బ్రౌజర్‌కు విరుగుడు సర్కారు బ్రౌజర్ అనుకునేవారితో నేను ఏకీభవించలేను. ఆంతరంగికత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది ప్రభుత్వాన్ని ఉద్దేశించే.

కావలసింది ప్రభుత్వ సొమ్ము అందినా ప్రభుత్వ పెత్తనం లేని, ప్రకటనల ఆదాయంతో పని లేని లాభాపేక్ష రహిత సంస్థ. అది పగటికల కాదు. ఆండ్రియాస్ క్లింగ్ అనే ప్రోగ్రామర్ మొదలుపెట్టిన లేడీబర్డ్ అనే బ్రౌజర్, క్రోమియం కోడ్ ముట్టకుండా ఇంజిన్‌ను మొదటి నుంచీ రాసుకుంటూ వస్తోంది. ప్రోగ్రామర్లు తమ కోడ్ పంచుకునే గిట్‌హబ్ సైటు స్థాపకుల్లో ఒకరు ఇచ్చిన పది లక్షల డాలర్ల విరాళంతో 2024లో లాభాపేక్ష లేని సంస్థగా ఏర్పడి, సెర్చ్ ఒప్పందాల సొమ్ము తీసుకోబోమని ముందే ప్రకటించింది. 2026లో ప్రయోగాత్మక రూపం ఇస్తామన్నారు. మొజిల్లా 2012లో ప్రారంభించి 2020లో వదిలేసిన సర్వో ఇంజిన్ కూడా లైనక్స్ ఫౌండేషన్ నీడన బతికే ఉంది. వీటిలో తెలుగు అక్షరాలు సరిగా వస్తున్నాయో లేదో పరీక్షించి లోపాలు దిద్దే పని విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల ఉన్న ఇంజనీరింగ్ కాలేజీల్లో ఒక్కొక్కటి నలుగురేసి విద్యార్థుల ఆఖరి ఏడాది ప్రాజెక్టుగా తీసుకోవచ్చు. ఏటా చూస్తున్నానుగా, మా షాపులో బైండింగుకు వచ్చే ప్రాజెక్టు రిపోర్టుల్లో సగం పోయిన ఏడాదివే, పేర్లు మారుతాయంతే.

ఇక రాష్ట్ర ప్రభుత్వం చేయగలిగిన పని ఒకటుంది, దానికి పైసా బడ్జెట్ అక్కరలేదు. నిరుటి సంఘటన తరువాత మా కంప్యూటర్లలో, మూయగానే అన్నీ చెరిపేసేలా అమర్చిన ఫైర్‌ఫాక్స్ పెట్టాను. వారం తిరగకుండానే ఒక ప్రభుత్వ సేవల సైటు 'ఈ బ్రౌజర్ చెల్లదు' అంటూ దరఖాస్తు పేజీనే చూపడం మానేసింది. మా దగ్గరికి వచ్చే డిప్లొమా కుర్రాడు ఒకడు, బ్రౌజర్ తన పేరు మార్చి చెప్పుకునేలా ఒక ఎక్స్‌టెన్షన్ పెట్టాడు. అదే ఫైర్‌ఫాక్స్‌లో అదే దరఖాస్తు, ఫోటో, సంతకంతో సహా ఒక్క తప్పు లేకుండా వెళ్ళిపోయింది. అంటే ఆ సైటు పనిచేయకపోవడం లేదు, గుమ్మం దగ్గర పేరు అడిగి వెనక్కి పంపుతోంది. ప్రభుత్వ సైట్లను వేర్వేరు బ్రౌజర్లలో పరీక్షించాలని కేంద్రం మార్గదర్శకాల్లో ఉంది. సైట్లు తయారుచేసే కాంట్రాక్టర్లకు బిల్లు చెల్లించే ముందు, కనీసం రెండు వేర్వేరు ఇంజిన్లలో దరఖాస్తు నింపి చూపించమని అడిగితే చాలు. ఆ ఒక్క షరతు లేనంతకాలం ఎంత మంచి స్వతంత్ర బ్రౌజర్ వచ్చినా నెట్ సెంటర్ల గడప దాటి లోపలికి రాలేదు.

ప్రతి దరఖాస్తుకూ ఆ కుర్రాడి చిట్కా వాడడం నాకు ఇష్టం లేక, ఆ సైటు కోసమే ఆరో కంప్యూటర్‌లో పాత బ్రౌజర్‌ను అలాగే ఉంచాను. దాని మానిటర్ మీద ఒక కాగితం అంటించి ఉంది: "ఇందులో దరఖాస్తులు మాత్రమే. ఆరోగ్యం, అప్పు, పెళ్ళి సంబంధాల విషయాలు వెతకవద్దు."

ఇట్లు,
ఒక నెట్ సెంటర్ నిర్వాహకుడు,
బ్రాడీపేట, గుంటూరు.