పసిపిల్లలకు దెయ్యాల ప్రేమకథలా?

అయిదారేళ్ల పిల్లల కోసమంటూ ఫోన్లలో వస్తున్న దెయ్యాల, ప్రేమల కార్టూన్ కథలకు వయసు హద్దు లేకుండా పోయింది. కావలిలో మా ఇంట్లో ఆరేళ్ల మనవరాలు చీకటి పడితే దొడ్లోకి ఒంటరిగా పోవడం మానేసింది. ఎందుకమ్మా అంటే, జామచెట్టు మీద పెళ్లికూతురు దెయ్యం ఉందట, మొగుడు మోసం చేస్తే చచ్చిపోయి అక్కడ కూర్చుందట! మొన్న బొమ్మల పెళ్లి ఆడుతూ పెళ్లికొడుకు బొమ్మతో ‘నన్ను ప్రేమించకపోతే విషం తాగుతా’ అంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. భయపెట్టే కథలే వద్దని నేననను. చందమామలో మేం చదివిన బేతాళుడూ శవంలోంచే మాట్లాడేవాడు. కానీ చివర్లో ఒక చిక్కు ప్రశ్న వేసేవాడు, మేం భయం మరిచి జవాబు వెతుక్కునేవాళ్లం. ఈ వీడియోల్లో అరుపులే తప్ప ప్రశ్న లేదు. వీడియో పిల్లల కోసమా కాదా అన్నది పెట్టేవాళ్లే చెప్పాలని యూట్యూబ్‌లో 2020 జనవరి నుంచి నిబంధన ఉంది. అది చాలదు, ఏ వయసు వారికో కథ మొదట్లోనే తెర మీద వేయాలి. యూట్యూబ్ కిడ్స్‌లో మనం ఎంచిన వీడియోలే కనబడేలా సెట్టింగ్ ఉంది, తల్లిదండ్రులు పెట్టుకోవాలి. జిల్లా గ్రంథాలయ సంస్థ ప్రతి శాఖా గ్రంథాలయంలో ఆదివారం ఒక గంట పిల్లలకు కథలు చెప్పించాలి. చెప్పడానికి నాలాంటి రిటైరైనవాళ్లు ఊరికి నలుగురైనా దొరుకుతారు, జీతం అడగం.

– ఒక పాఠకుడు, కావలి, నెల్లూరు జిల్లా