ఏడిపిస్తేనే చదువుతారా?

సంపాదకుల వారికి నమస్కారం.

మా మనవరాలు తిరుపతిలో ఇంటర్ చదువుతోంది. పోయిన నెల వాళ్ల కాలేజీ వాళ్లు ఒక కల్యాణ మండపంలో మోటివేషన్ క్లాస్ పెట్టించారు, తలకు 300 రూపాయలు, రాకపోతే ఆబ్సెంట్. వచ్చిన స్పీకర్ మొదటి గంట జోకులేశాడట, చప్పట్లు కొట్టించాడట, ఆ తర్వాత లైట్లు ఆర్పించి మెల్లగా ఏదో మ్యూజిక్ పెట్టించి, కళ్లు మూసుకోండి, మీ ఫీజు కోసం మీ నాన్న ఎవరెవరి ముందు చేయి చాచాడో తలుచుకోండి, మీ అమ్మ పస్తు పడుకున్న రాత్రులు తలుచుకోండి అన్నాడట. హాలంతా ఒకటే ఏడుపు. దాన్ని వీడియో కూడా తీసుకున్నారు. మా పిల్ల కళ్లు వాచిపోయి ఇంటికొచ్చి మా కోడలి కాళ్ల మీద పడింది. మూడు రోజులు రాత్రి రెండు దాకా చదివింది. నాలుగో రోజు పుస్తకం మీదే నిద్రపోయింది. ఐదో రోజు "అంత ఏడ్చినా నాకు బుద్ధి రాలేదు తాతా, నేను వేస్ట్" అంది. లెక్కలు రాకపోతే ట్యూషన్ పెట్టిస్తాం, ఈ మాటకు ఏం పెట్టించాలి?

నేను ఆర్టీసీలో కండక్టరుగా రిటైరయినవాణ్ణి, ఎక్కువ కాలం తిరుపతి-కాళహస్తి రూట్లోనే తిరిగాను. ఏర్పేడు వచ్చేసరికి "వ్యాసాశ్రమం దిగేవాళ్లు రండి" అని ఎన్ని వేలసార్లు అరిచి ఉంటానో. ఆ ఆశ్రమం పెట్టిన మలయాళ స్వామి 1885లో కేరళలో పుట్టినాయన. అక్కడి సంఘ సంస్కర్త నారాయణ గురు పరంపర ఆయనది. తిరుమల కొండ మీద గోగర్భం దగ్గర 12 ఏళ్లు తపస్సు చేసి, 1926లో ఏర్పేడులో ఆశ్రమం కట్టుకున్నారు. సన్యాసం పేరు అసంగానంద గిరి, కానీ మనవాళ్లు మలయాళం ఆయన కదా అని మలయాళ స్వామి అన్నారు, చివరికి అదే నిలబడింది. సంస్కృతం, వేదాంతం కొన్ని కులాల మగవాళ్లకే అన్న కాలంలో అన్ని కులాల వాళ్లకూ, ఆడవాళ్లకూ చెప్పించారు, దానికి ఎన్ని మాటలు పడ్డారో పెద్దవాళ్లు చెప్పుకునేవారు. ఇప్పుడు అదే ఏర్పేడు మండలంలో ఐఐటీ ఉంది, ఆ బస్సుల్లో తిరిగే పిల్లలకు ఈ పేరు తెలుసో లేదో.

ఆయన శిష్యుడు విద్యాప్రకాశానందగిరి స్వామి. 1914లో బందరులో పుట్టి, 1950లో కాళహస్తిలో శుక బ్రహ్మాశ్రమం స్థాపించి, 1998లో పోయేదాకా అక్కడే ఉన్నారు. ఆయనా స్పీకరే, ఆ మాటకొస్తే ఇప్పటివాళ్ల కంటే పెద్ద స్పీకరు. గీతా జ్ఞాన యజ్ఞాలని ఊరూరా తిరిగి చెప్పారు, జనం విరగబడి వచ్చేవాళ్లు. కానీ ఆయన పని మైకు ఆపేయగానే అయిపోలేదు. 'గీతామకరందం' అని ఇంత లావు పుస్తకం రాసిపెట్టారు, శ్లోకం, మాటమాటకూ అర్థం, తాత్పర్యం, వ్యాఖ్య, దాని కింద బడి పుస్తకంలో లాగా ప్రశ్న, జవాబు. మా అమ్మ ఐదో తరగతితో ఆపేసిన మనిషి. రోజుకు ఒక శ్లోకం చదువుకుని, సాయంత్రం చెనక్కాయలు ఒలుస్తూ ఆ ప్రశ్నలు మమ్మల్ని అడిగేది, చెప్పకపోతే ఒలిచినవి పెట్టేది కాదు. గీత నాకు వంటబట్టిందని చెప్పను గానీ, ఆ భయానికి కొంచెం గుర్తుంది.

గుర్తున్నంతలో చెబుతున్నాను. గీతలో ఏడుపు మొదట్లోనే ఉంది. అర్జునుడు కళ్లనిండా నీళ్లతో కూలబడ్డాక కృష్ణుడు మాట్లాడ్డం మొదలుపెడతాడు, ఆ నీళ్లు తుడవడానికి. మనవాళ్లు నవ్వుతూ వచ్చిన పిల్లల్ని ఏడిపించి ఇంటికి పంపుతున్నారు, ఇదెక్కడి ఉపదేశమో నాకు అర్థం కాలేదు. ఆరో అధ్యాయంలో అర్జునుడు, ఈ మనసు గాలిలాంటిది, నా వల్ల కాదు అంటాడు. దానికి కృష్ణుడు నువ్వు వేస్ట్ అనలేదు, మీ అమ్మను తలుచుకో అని కూడా అనలేదు. అనుమానమే లేదు, కష్టమే అని ముందు ఒప్పుకున్నాడు. ఆ తర్వాతే అభ్యాసంతోనూ వైరాగ్యంతోనూ మనసు చేతికి దొరుకుతుంది అన్నాడు. అభ్యాసం అంటే రోజూ చేసేది కదా, రెండు గంటల ప్రోగ్రాంలో ఎట్లా వస్తుంది? ఇక పద్దెనిమిదో అధ్యాయంలో అంతా చెప్పేశాక, బాగా ఆలోచించుకో, నీకెట్లా తోస్తే అట్లా చెయ్యి అని వదిలేశాడు. దేవుడే అంత మర్యాద ఇచ్చాడు, మన స్పీకర్లు మాత్రం పిల్లల చేత చేతులెత్తించి ప్రమాణాలు చేయిస్తున్నారు.

స్పీకర్లందరూ ఇట్లాంటివాళ్లేనని నేను అనను, మంచిగా చెప్పేవాళ్లూ ఉన్నారు. కాలేజీల వాళ్లను అడిగేది ఒక్కటే. అంత డబ్బు పోసి బయటినుంచి మనిషిని తెచ్చే బదులు, వారానికి ఒక అరగంట మీ లెక్చరర్లలోనే పిల్లలు నమ్మే ఒకరిని వాళ్లతో కూర్చోబెట్టండి. గీతే చెప్పాలని కాదు, వేరే మతం పిల్లలూ ఉంటారు. పిల్లలు అడగాలి, పెద్దవాళ్లు జవాబు చెప్పాలి, తెలియకపోతే వచ్చేవారం చెబుతాననాలి. మీ పేపర్ వాళ్లకు కూడా ఒక మనవి, ఇలాంటి ప్రోగ్రాం ఫొటో వేసినప్పుడు నెల తర్వాత ఆ పిల్లల దగ్గరికి మీ విలేకరిని ఇంకోసారి పంపండి.

మా పిల్లకు ఆ ఆరో అధ్యాయం మాట చెప్పాను. "కృష్ణుడే కష్టమన్నాడా?" అని రెండుసార్లు అడిగింది. ఇప్పుడు పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట చదువుతోంది, ఎక్కువేం కాదు. పరీక్షల ముందు ఇంకో సెషన్ ఉందట, ఈసారి 500 అట. కట్టేది లేదని కాలేజీకి పోయి చెప్పొచ్చాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఆర్టీసీ కండక్టర్, తిరుపతి