మందుల కౌంటర్‌లో ఉన్న ఆ అక్కకు కృతజ్ఞతలు

జపాన్‌లోని ఒసాకాలో మా పాపకు 39 డిగ్రీల సెల్సియస్ జ్వరం. డాక్టర్ రాసిన చీటీ పట్టుకుని పక్కనే ఉన్న మందుల షాపుకు వెళ్లాం. కవర్ల మీద అన్నీ కంజీ అక్షరాలే, అంటే ఒక్కో గుర్తుకు ఒక్కో అర్థం ఉండే చైనా మూలపు లిపి. మా మొహాలు చూడగానే కౌంటర్‌లోని అక్క మర్యాద భాష మానేసి చిన్న చిన్న మాటల్లో చెప్పడం మొదలుపెట్టారు.

కంపో అనే జపాన్ సంప్రదాయ మూలికల మందు పొడి కవరు మీద ‘షొక్కాన్’ అని ఉంది. భోజనం, మధ్య అనే రెండు అక్షరాలవి. కంజీ కొత్తగా నేర్చుకునేవాళ్లు అన్నం తింటూ మధ్యలో వెయ్యాలనుకుంటారు. వెయ్యాల్సింది రెండు భోజనాల నడుమ, తిన్నాక సుమారు 2 గంటలకు. ఆవిడ పెన్ను తీసి కవరు మీదే గిన్నె, గడియారం, మళ్లీ గిన్నె గీశారు. గడియారం చుట్టూ రెండుసార్లు సున్నా చుట్టారు. అవసరమైనప్పుడే వాడే ‘తోంపుకు’ జ్వరం మందు మీద 38.5 పైన ఉంటేనే, కనీసం 6 గంటల ఎడంతో అని అంకెల్లో రాశారు. 7 గంటలను ‘షిచిజి’ అనకుండా ‘ననజి’ అన్నారు. షిచిజి అంటే ‘ఇచిజి’లా, అంటే 1 గంటలా వినబడుతుంది మరి! వెనక జనం ఎదురుచూస్తున్నా ప్రతి కంజీ పైన దాన్ని ఎలా పలకాలో హిరగానా అనే తేలిక లిపిలో ఓపిగ్గా రాసిచ్చారు.

అక్కా, పాప కోలుకుంది. మీ మేలు మరిచిపోం.